పెళ్ళి వీడియోలో ఎవరికి వెలుతురు?

దృక్కోణం అన్న మాటని మనం సాహిత్య విమర్శలో అరిగిపోయేంతగా వాడాం. కథ ఎవరి కళ్ళతో నడుస్తోంది, ఎవరి గొంతు వినిపిస్తోంది, ఎవరిని రెండు వాక్యాల్లో తేల్చి పక్కన పెట్టేశారు అని ఎన్ని వ్యాసాలు రాశామో లెక్కలేదు. 1975లో లారా మల్వీ సినిమాలోని పురుషుడి చూపు గురించి రాసిన వ్యాసాన్ని చదువులో ఏదో ఒక మలుపులో ఎదుర్కోని వాళ్ళం మనలో తక్కువే. అయినా మన ఇళ్ళల్లో పదే పదే చూసే కథనాన్ని మాత్రం ఆ కళ్ళతో చదవలేదు. అది పెళ్ళి వీడియో. బీరువాలో పట్టుచీరల కింద కేసెట్‌గా మొదలై, సీడీ అయి, పెన్‌డ్రైవ్ అయి, చివరికి ఫోన్‌లోకి వచ్చి కూర్చున్న ఆ కథనానికి రచయిత ఎవరు? 'వీడియో అతను' అంటాం. అతను ఉన్నది ఉన్నట్టు తీశాడనే నమ్ముతాం. బాగా రాకపోతే కెమెరా మంచిది కాదంటాం.

మా పిన్ని కూతురు తన పెళ్ళి వీడియో నన్ను తియ్యమంది. డాక్టరేట్ కోసం స్త్రీల పాటలు రికార్డు చెయ్యడానికి ఫెలోషిప్ డబ్బులు దాచుకుని కొన్న కెమెరా నా దగ్గరుంది. ఆ కెమెరా ఉండటం ఒక కారణమైతే, అసలు కారణం వేరే. స్టూడియో వాళ్ళు చూపించిన నమూనా వీడియోలు చూసి వచ్చాక తను ఒకటే మాట అంది. "వాళ్ళు నన్ను హీరోయిన్‌ని చేస్తారక్కా. నాది పెళ్ళిలాగే ఉండాలి." పెళ్ళికి పదిహేను రోజుల ముందు నుంచీ రాత్రిళ్ళు ఆ కెమెరా మెనూ ముందు కూర్చున్నాను. పాటలు రికార్డు చేసినప్పుడు నాకు గొంతు సరిగ్గా వస్తే చాలనుకునేదాన్ని. పెళ్ళి అలా కాదు. మెనూలో ఉన్న ఒక్కొక్క ప్రశ్నా సాంకేతిక భాషలో ఉన్న నైతిక ప్రశ్న అని అర్థమవుతూ వచ్చింది. ఆ ప్రశ్నల్ని మీ ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి ప్రశ్న వెలుతురుది. ఎక్స్‌పోజర్‌ని 'ఆటో'లో పెడితే కెమెరా తనే చూసుకుంటుంది. 'తనే' అంటే ఎవరు? కాంతిని కొలిచే మీటర్ వెనక ఒక ఊహ ఉంది. ప్రపంచం సగటున ఒక మధ్యరకం బూడిద రంగులో ఉంటుందని, తన మీద పడిన కాంతిలో 18 శాతాన్ని తిప్పి పంపుతుందని ఆ ఊహ. ఫ్రేమ్ నిండా తెలుపు ఉంటే అది ఎక్కువైందనుకుని మీటర్ వెలుతురు తగ్గిస్తుంది. ఫ్రేమ్ నిండా నలుపు ఉంటే పెంచుతుంది. ఇప్పుడు మన పెళ్ళి పీటల్ని ఊహించండి. వధూవరులిద్దరూ మధుపర్కాల్లో ఉంటారు, తెల్లటి బట్టకి ఎర్రటి అంచు. వెనక పూలతో కట్టిన తెల్లటి మండపం. ఈ తెలుపంతటినీ చూసి మీటర్ కాంతి తగ్గించగానే మొదట చీకట్లోకి వెళ్ళేది చామనఛాయ ముఖాలు. ఈమధ్య కెమెరాలు ముఖాన్ని గుర్తుపట్టి దాన్నిబట్టి సరిచేస్తున్న మాట నిజమే. కానీ పెళ్ళికూతురు తల వంచుకుని కూర్చోవాలి కదా! తల వంచగానే కెమెరాకి ముఖం దొరకదు. దొరకనప్పుడు మళ్ళీ ఆ పాత సగటు లెక్కకే వెళ్తుంది. అణకువ అని మనం పేరుపెట్టిన భంగిమ యంత్రం దృష్టిలో ముఖం లేకపోవడం.

దీన్ని కేవలం యంత్రం పరిమితి అనుకోవడానికి చరిత్ర ఒప్పుకోదు. కలర్ ఫిల్మ్ కాలంలో ఫోటోలు కడిగే ప్రయోగశాలల్లో రంగులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి కొడాక్ సంస్థ పంపిన కార్డుల మీద ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది. మొదటి కార్డులోని మోడల్ పేరుతో వాటిని 'షర్లీ కార్డులు' అనేవారు. ఆమె చర్మం సరిగ్గా వస్తే ఫోటో సరిగ్గా వచ్చినట్టు. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో ప్రచురించిన వ్యాసంలో ఈ కార్డుల చరిత్ర రాశారు. గోధుమ రంగు ఛాయల్ని ఫిల్మ్ సరిగ్గా పట్టుకోవడం లేదని గట్టిగా ఫిర్యాదు చేసినవాళ్ళు నల్లజాతి తల్లిదండ్రులు కాదట. చెక్క సామాను, చాక్లెట్లు అమ్మే కంపెనీలట. ప్రమాణంగా నిలిచిన శరీరం స్త్రీదే అయినా అది ఏ స్త్రీ శరీరం అన్న ప్రశ్నని మన ఉద్యమాలు కూడా ఆలస్యంగానే అడిగాయి.

మా చెల్లిది చామనఛాయ. పెళ్ళిచూపుల రోజుల్లో ఆ మాట ఎన్ని రకాలుగా వినిపించిందో ఇక్కడ చెప్పనక్కర్లేదు, మనందరి ఇళ్ళల్లోనూ ఆ మాటలు ఒకటే. ఆమె ముఖాన్ని తెల్లగా చెయ్యడానికి కెమెరాలో రెండు దారులున్నాయి. ఒకటి వెలుతురు అవసరానికి మించి ఎక్కించడం. రెండోది చర్మాన్ని నునుపు చేసే మీట. చాలా ఫోన్లలో అది అడక్కుండానే పనిచేస్తుంటుంది. నేను దాన్ని ఆపేశాను. ఎక్స్‌పోజర్‌ని చేత్తో పెట్టుకునే పద్ధతికి మార్చి, మధుపర్కం తెలుపులో నేత కనిపించేంత, చెల్లి ముఖంలో దాని అసలు రంగు కనిపించేంత ఎక్కడ కుదురుతుందో ముందు రోజు హాల్లో కూర్చోబెట్టి చూసుకున్నాను. పసుపుదీ ఇదే కథ. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే, మంగళస్నానాల వేళ ఫ్రేమ్ నిండా ఉన్న పసుపుని యంత్రం దీపపు కాంతి వల్ల వచ్చిన దోషమనుకుని దాని మీద నీలం కలిపి 'సరిచేస్తుంది'. కాంతిని చూసి ఒక అంకె దగ్గర బిగించేస్తే పసుపు పసుపుగానే ఉంటుంది. ఇవి చిన్న విషయాలే. కానీ ఏది దోషం, ఏది సహజం అన్న తీర్పు ఒకటి మనకంటే ముందే రాసిపెట్టి ఉందని ఈ చిన్న విషయాల్లోనే కనిపిస్తుంది.

మెనూలో నన్ను ఎక్కువసేపు ఆపేసిన ప్రశ్న ఇంకొకటుంది. ముఖాల నమోదు. కొన్ని కెమెరాల్లో ఎనిమిది ముఖాల దాకా ముందే నమోదు చేసి, వాటికి వరస ఇవ్వొచ్చు. గుంపులో మొదటి ముఖం కనిపిస్తే ఫోకస్ దాని మీదికే వెళ్తుంది. అది లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. ఒక ఇంటి స్త్రీపురుషుల్ని ప్రాధాన్యక్రమంలో ఎనిమిదింటిలో అమర్చమని ఒక యంత్రం ఇంత సూటిగా అడుగుతుందని నేను అనుకోలేదు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, పెళ్ళికొడుకు తండ్రి, తల్లి, ఆడపడుచు... శుభలేఖలో పేర్ల వరస వేసుకున్నంత సులువుగా ఇది నిండిపోతుంది. శుభలేఖ రాసిన సమాజమే ఈ వరసా రాస్తుంది. వంటశాల దగ్గర అరిటాకులు కడిగే ఆడవాళ్ళకీ, పొద్దున్నుంచీ సన్నాయి ఊదే మనిషికీ, అతని పక్కన డోలు వాయించే కుర్రాడికీ ఈ ఎనిమిదింటిలో చోటుండదు. నేను చూసిన పెళ్ళి వీడియోల్లో మేళం వినిపించనిది ఒక్కటీ లేదు, మేళగాళ్ళ ముఖాల మీద పది సెకన్లు నిలిచినవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. శ్రమనీ కులాన్నీ వినడానికి మనకి అభ్యంతరం లేదు, చూడటానికే. ఆ ఎనిమిది గడుల్నీ ఖాళీగా వదిలేశాను. ఫోకస్‌ని చేత్తో తిప్పుకోవడం కష్టం, అక్కడక్కడా తప్పిపోతుంది కూడా. అయినా ఎవరి మీద నిలపాలన్న నిర్ణయం ఆ క్షణంలో నేను తీసుకున్నదై ఉండాలి.

ఇప్పుడు అపెర్చర్. కటకం కన్ను ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె ఇది. ఎఫ్ 1.8 దగ్గర కన్ను బాగా తెరుచుకుంటుంది, తక్కువ వెలుతురు చాలు. పెళ్ళికూతురి కనురెప్పలు స్పష్టంగా ఉండి ఆమె వెనక ప్రపంచమంతా కరిగిపోయి రంగుల మరకలవుతుంది. ఈ కాలపు పెళ్ళి వీడియోల్లో 'సినిమా లుక్' అంటే ఇదే. ఎఫ్ 5.6 దగ్గర కన్ను ముడుచుకుంటుంది. వెనక నిలబడ్డవాళ్ళు కూడా మనుషులుగా గుర్తుపట్టేంతగా ఉంటారు. అయితే లోపలికి వచ్చే వెలుతురు సుమారు పదో వంతుకి పడిపోతుంది. ఆ లోటు తీర్చడానికి ఐఎస్ఓని 640 నుంచి 6400 దాకా పెంచాలి. పెంచితే బొమ్మ మీద సన్నటి ఇసక చల్లినట్టు నలుసులు వస్తాయి. అంటే వెనకవాళ్ళని ఉంచుకోవాలంటే ముందున్న మనిషి బొమ్మలో నునుపు కొంత పోగొట్టుకోవాలి. అందరికీ చోటిచ్చే ఏ ఏర్పాటుకైనా ఇలాంటి ధర ఒకటి ఉంటుంది. సంకలనాలు వేసేటప్పుడు, సదస్సులు పెట్టేటప్పుడు మనం ఈ ధర గురించి వాదించుకుంటూనే ఉన్నాం. నేను ఎఫ్ 5.6 ఎంచుకున్నాను.

ఎంచుకున్నది మా పెద్దమ్మ కోసం. ఆవిడ భర్త పోయి పదకొండేళ్ళయింది. ఆ పెళ్ళికి అరిసెల పిండి కొట్టించింది ఆవిడ, పసుపు కుంకుమ పొట్లాలు కట్టి లెక్కపెట్టింది ఆవిడ, సారె సామాను జాబితా తన తలలో మోసింది ఆవిడ. కానీ ముహూర్తం వేళకి అందరికంటే వెనక, స్తంభం పక్కకి వెళ్ళి నిలబడుతుంది. ఎవరూ నిలబడమని చెప్పరు. చెప్పనవసరం లేనంతగా అది ఎప్పుడో స్థిరపడిపోయింది. ఎఫ్ 1.8 దగ్గర ఆవిడ ఒక బూడిద రంగు మరక. ఆవిడని తుడిచెయ్యడానికి ఏ ఆచారమూ అక్కర్లేదు, కటకమే ఆ పని అందంగా చేసిపెడుతుంది.

అయితే నేను కెమెరా పరీక్షిస్తుండగా పెద్దమ్మ స్వయంగా వచ్చి అడిగింది. "ఏమే, ఆ రోజు నన్ను మాత్రం అందులో పెట్టకు. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే మధ్యలో నేనెందుకు?"

స్త్రీవాదం చదువుకున్న ఎవరికైనా ఇక్కడ రెండు సమాధానాలు వెంటనే తడతాయి, రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. తన శరీరం, తన ముఖం, తన ఇష్టం, వద్దంటే వద్దనే అర్థం అన్నది ఒకటి. ఆ 'వద్దు' ఆవిడది కాదు, ఆవిడ నోటితో పితృస్వామ్యం పలికిన మాట అన్నది రెండోది. మార్తా నుస్‌బామ్ 2000లో వచ్చిన తన పుస్తకంలో, పరిస్థితులకి సర్దుకుపోయి తయారైన కోరికల గురించి చాలా చర్చించారు. దొరకదని తెలిసినదాన్ని కోరుకోవడం మానేసిన స్త్రీలు తమకి లోటేమీ లేదని చెప్పినప్పుడు, ఆ మాటనే న్యాయానికి కొలబద్దగా తీసుకోలేమని ఆమె వాదన. వాదనగా నాకు అందులో సందేహం లేదు. కానీ దాన్ని చేతిలో పట్టుకుని మా పెద్దమ్మ ముఖం మీద కెమెరా పెట్టే హక్కు నాకు వస్తుందా? ఆవిడ వద్దన్నా తీస్తే, ఆవిడని స్తంభం చాటు నుంచి బయటికి లాగి నా సిద్ధాంతానికి ఉదాహరణ చేసినట్టు. వద్దంది కదా అని వదిలేస్తే ఆచారానికి నేనూ ఒక చెయ్యి వేసినట్టు.

నేను ఆవిడనే అడిగాను. "పెద్దమ్మా, ఎవరేమంటారోనని వద్దంటున్నావా, నీకే ఇష్టం లేదా?"

ఆవిడ పొట్లాలు కడుతూనే అంది. "ఆ రెండూ వేరువేరని నీకెవరు చెప్పారే?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మన ఇష్టాల్లో లోకం మాట ఎక్కడ ఆగి మన మాట ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపగలిగినవాళ్ళు ఎవరు? స్తంభం పక్కన నిలబడని నేను నా చదువూ ఉద్యోగమూ పెళ్ళీ విషయాల్లో ఆ గీత గీయగలనా? తెలియనప్పుడు చెయ్యగలిగింది ఒకటే ఉందనిపించింది. ఫ్రేమ్ గురించి నాకు తెలిసింది ఆవిడకి చెప్పడం. హాలు బొమ్మ కాగితం మీద గీసి, కెమెరా ఎక్కడుంటుందో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కనిపిస్తుందో చూపించాను. ఈ స్తంభం దగ్గరుంటే వీడియోలో ఉంటావు, ఆ స్తంభం దగ్గరుంటే ఉండవు, నీ మీదికని కెమెరా తిప్పను అని చెప్పాను. పెళ్ళి రోజున ఆవిడ ఏ స్తంభం దగ్గర నిలబడిందన్నది ఇక్కడ రాయను. అది ఆవిడ నిర్ణయం, నా వ్యాసానికి ముగింపు కాదు.

ఈ సంభాషణ వల్లే ఇంకో సెట్టింగ్ విషయంలో నా మనసు మారింది. 4కెలో తియ్యాలా, ఫుల్ హెచ్‌డిలో తియ్యాలా అన్నది. 4కె బొమ్మలో ఫుల్ హెచ్‌డి బొమ్మకి సరిగ్గా నాలుగు రెట్ల చుక్కలుంటాయి. సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకి 45 జీబీ. డిస్కులు కొనుక్కోవచ్చు, చోటు పెద్ద సమస్య కాదు. అందరూ 4కెనే మెచ్చుకునేది ఇంకో కారణానికి. తర్వాత తీరిగ్గా కూర్చుని ఫ్రేమ్‌లో ఏ మూలనైనా కోసి, నాలుగో వంతు ముక్కని పూర్తి తెరకి పెంచినా బొమ్మ చెడదు. అంటే మూలన ఎవరో కన్ను తుడుచుకుంటే, ఎవరో ఎవరినో చూస్తే, దాన్ని వెతికి పట్టుకుని ఆ మనిషికి తెలియకుండానే క్లోజప్ చెయ్యొచ్చు. గుంపులో ఒకరిగా కనిపించడానికి ఒప్పుకున్న మనిషి తెర నిండా కనిపించడానికి ఒప్పుకున్నట్టు కాదు. స్త్రీల ముఖాల్ని వీడియోల్లోంచి లాగి ఎక్కడెక్కడో అతికిస్తున్న ఈ కాలంలో ఆ తేడా ఇంకా పెద్దది. ఫుల్ హెచ్‌డి ఎంచుకున్నాను. నిలబడ్డవాళ్ళు నిలబడ్డ దూరంలోనే ఉంటారు.

మా చెల్లికి కూడా ఒక షరతు ఉంది. "నేను ఏడిస్తే తియ్యకక్కా." అప్పగింతల్లో పెళ్ళికూతురు ఏడవాలి, వీడియో దాన్ని దగ్గరగా చూపాలి. కథనంగా ఇది ఎంత స్థిరపడిందంటే, ఏడవని పిల్ల గురించి నాలుగు రోజులు మాట్లాడుకుంటారు. ఇక్కడే ఫ్రేమ్ రేట్ వస్తుంది. సెకనుకి 100 ఫ్రేములు తీసి 25 చొప్పున చూపిస్తే కన్నీటి చుక్క నాలుగు రెట్లు నెమ్మదిగా జారుతుంది. స్లో మోషన్‌కి ప్రత్యేకమైన గుణం ఒకటుంది. అది కారణాన్ని తీసేసి భావాన్ని మాత్రమే మిగులుస్తుంది. ఆ పిల్ల ఎందుకు ఏడుస్తోంది? పుట్టిల్లు వదిలినందుకా, పొద్దున్నుంచీ ఏమీ తిననందుకా, ఎవరో అన్న మాటకా, భయానికా? మామూలు వేగంలో ఈ ప్రశ్నలుంటాయి, ఎందుకంటే మాటలుంటాయి, పక్కన మనుషులుంటారు. నెమ్మది చేసి సినిమా పాట అతికించగానే ప్రశ్నలన్నీ పోయి అందం మిగులుతుంది. స్త్రీ దుఃఖాన్ని అందంగా మార్చడం మన కావ్యాలకి కొత్త కాదు. ఆ పనిని ఇప్పుడు ఒక మీట చేస్తోంది.

నేను సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 దగ్గర బిగించాను. దీనికి ఒక సాదా కారణం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, మామూలు ట్యూబులైట్లు సెకనుకి నూరుసార్లు మిణుకుతాయి. 1/50లో రెండు పూర్తి మిణుకులు ఇమిడిపోతాయి కాబట్టి తెర మీద నల్లటి పట్టీలు పాకవు. నాకు ఇంకో కారణం కూడా ఉంది. 25 ఫ్రేములు తీసినదాన్ని ఎవరైనా తర్వాత నెమ్మది చేస్తే బొమ్మ గతుకుతుంది. లేని ఫ్రేముల్ని ఊహించి నింపే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి, నిజమే. కానీ అలా నింపినవి ఆమె కన్నీళ్ళు కావు, వాటికి నా ఫైలు సాక్ష్యం ఇవ్వదు. అప్పగింతల వేళ కెమెరాని స్టాండ్ మీద దూరంగా ఉంచి పక్కకి వచ్చేస్తానని చెల్లికి చెప్పాను. ఆ వేళకి నేను అక్కగా ఉండాలి కూడా.

శబ్దం సంగతి చెప్పాలి, ఎందుకంటే నా పరిశోధన దానితోనే మొదలైంది. మైకుని ఆటోలో వదిలితే పెద్ద చప్పుడు రాగానే స్థాయి తగ్గించేస్తుంది, చప్పుడు ఆగిన తర్వాత తేరుకోవడానికి కొంచెం సమయం తీసుకుంటుంది. తాళి కట్టే వేళ గట్టిమేళం మోగుతుంది. తుమ్ములూ ఏడుపులూ లాంటి అశుభ శబ్దాలు వినిపించకుండా గట్టిమేళం అని పెద్దవాళ్ళు చెప్తారు. అంటే ఏది వినిపించాలి, ఏది వినిపించకూడదు అన్న సెట్టింగ్ మైకులకంటే ముందే మన దగ్గరుంది. మేళం తగ్గిన మరుక్షణం పెళ్ళికూతురు పక్కనున్న స్నేహితురాలితో ఏదో అంటుంది. ఆటోలో ఆ మాట పోతుంది. స్థాయిని చేత్తో, మేళానికి సరిపడేలా కిందికి బిగిస్తే అది సన్నగానైనా ఉంటుంది.

మరి ఆ మాట ఉండాలా? చెల్లి చీరకి చిన్న మైకు తగిలించమని ఒకరు సలహా ఇచ్చారు. మంత్రాలు బాగా వస్తాయట. మంత్రాలతో పాటు ఆమె గుసగుసలన్నీ వస్తాయి. ఇక్కడ నా పరిశోధన నన్ను ఆపింది. వెల్చేరు నారాయణరావు గారు తెలుగు స్త్రీల రామాయణ పాటల గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసం 1991లో వచ్చిన 'మెనీ రామాయణాస్' సంకలనంలో ఉంది. ఇళ్ళ వెనక వసారాల్లో, పనుల మధ్య, ఆడవాళ్ళు తమలో తాము పాడుకున్న ఆ పాటల్లో సీత వేవిళ్ళూ ఊర్మిళ నిద్రా ఉన్నాయి, రాముడి మీద నిష్ఠూరాలూ ఉన్నాయి. మగవాళ్ళు పట్టించుకోరు కాబట్టే ఆ చోటుకి ఆ స్వేచ్ఛ వచ్చింది. నేను పాటలు సేకరించేటప్పుడు కూడా, రికార్డర్ మీట నొక్కగానే కొందరు పెద్దవాళ్ళు పాట మార్చేసేవారు. వియ్యపురాలిని ఎగతాళి చేసే పాట ఆగి మంగళహారతి మొదలయ్యేది. వినిపించకపోవడం అణచివేత అని మనం నేర్చుకున్నాం. వినిపించనిచోటే కొన్ని మాటలు పుడతాయన్నది కూడా ఆ స్త్రీలే నేర్పారు. చెల్లికి మైకు పెట్టలేదు. మైకుని మేళం వైపు, పాటలు పాడే ఆడవాళ్ళ వైపు పెట్టాను, అదీ పాడేవాళ్ళకి చెప్పి. ఆ పాటల మీద సినిమా పాట ఎక్కించకూడదన్నది నా ఒక్క షరతు.

మెనూలో అన్నిటికంటే నీరసంగా కనిపించే గడి తేదీ, సమయం. చాలామంది దాన్ని పట్టించుకోరు. నేను సెకను దాకా సరిచేశాను. పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఒకటుంటుంది. ఎవరు నూట పదహార్లు ఇచ్చారో, ఎవరు స్టీలు బిందె ఇచ్చారో బల్ల దగ్గర కూర్చుని తప్పు పోకుండా రాస్తారు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ వచ్చిన బహుమతుల జాబితాలు రాసి, వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవాళ్ళ పేరు, వాళ్ళ చుట్టరికం నమోదు చేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలని 1985లో నిబంధనలు వచ్చాయి. పెళ్ళికూతురి జాబితా పెళ్ళికూతురి దగ్గరే ఉండాలి. చదివింపుల పుస్తకం లేని పెళ్ళి నేను చూడలేదు. ఆ జాబితా రాసిన పెళ్ళి కూడా చూడలేదు. మా ఇంట్లో కట్నం లేదంటారు, లాంఛనాలు మాత్రం ఉంటాయి. లాంఛనాలు మాట్లాడుకునే గదిలోకి కెమెరాని ఎవరూ పిలవరు, వెళ్ళబోతే తలుపు దగ్గర ఎవరో ఒకరు చిరునవ్వుతో ఆపుతారు.

రహస్యంగా తియ్యాలా అని ఆలోచించి వద్దనుకున్నాను. ఆ పని చెయ్యాలంటే చెల్లి చెప్పాలి, తను చెప్పలేదు. కానీ బహిరంగంగా జరిగినది, సారె పళ్ళేలు, నగలు పెట్టడం, సామాను ఎక్కించడం, ముక్కలు చెయ్యకుండా వరసగా, సరైన సమయంతో తీశాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు దాని హాష్ విలువ చూపే ధ్రువపత్రం ఇవ్వాలి. ఫైలు మారలేదని చెప్పే ముద్ర లాంటిది అది. అందుకని ఎడిట్ చేసిన అందమైన రెండు గంటల వీడియోతో పాటు, కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్ళు అలాగే ఉండటం ముఖ్యం. మంచి రోజున ఇలాంటి ఆలోచనలేమిటని ఇంట్లోవాళ్ళు అన్నారు. ఇళ్ళకి ఇన్సూరెన్స్ కట్టే మగవాళ్ళని ఆ మాట ఎవరూ అనరు.

ఇక చివరి ప్రశ్న మెనూలో లేదు. ఇదంతా ఎవరిది? డబ్బు కట్టినవాళ్ళదన్నది వాడుక. అంటే తండ్రిది, లేకపోతే అత్తవారిది. పెళ్ళి చెడి బయటికి వచ్చిన స్నేహితురాళ్ళలో తన పెళ్ళి వీడియో తన దగ్గరున్న మనిషి నాకు ఒక్కరూ తెలియదు. తన జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా చిత్రించిన రోజుకి సంబంధించి ఆమె దగ్గర ఒక్క బొమ్మ ఉండదు. అసలు ఫైళ్ళన్నీ ఒక హార్డ్ డిస్కులో వేసి చెల్లి చేతికే ఇచ్చాను, ఇంకో నకలు ఆమె అడిగిన చోట దాచాను. నా దగ్గర ఉంచుకోలేదు. చూసుకుంటుందో, అత్తగారితో కలిసి నవ్వుకుంటుందో, లాయరుకి ఇస్తుందో, తనకి నచ్చనివన్నీ తుడిచేస్తుందో ఆమె ఇష్టం. తుడిచెయ్యడానికి ఏ మీట నొక్కాలో కూడా చూపించాను.

ఇన్ని సెట్టింగులు పెట్టినా నా చూపు తటస్థం అయిపోలేదు. ఎఫ్ 5.6 కూడా ఒక పక్షమే, ఫుల్ హెచ్‌డి కూడా ఒక పక్షమే. ఆటో అంటే పక్షం లేకపోవడం కాదని, ఎవరో ఎప్పుడో తీసుకున్న పక్షమని చెప్పడం వరకే నా వాదన. మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు జరుగుతూనే ఉంటాయి. వీడియో ఎవరు తీసినా, ముందు రోజు పది నిమిషాలు కూర్చుని పెళ్ళికూతురిని రెండు మాటలు అడగొచ్చు. ఏం ఉండాలి, ఏం ఉండకూడదు అని. మా చెల్లి చెప్పిన జాబితా సగం కాగితం కూడా లేదు. అందులో మొదటిది పెద్దమ్మ గురించి, రెండోది కన్నీళ్ళ గురించి. మూడోది అరిటాకులు కడిగే ఆడవాళ్ళు భోజనం చేసేటప్పుడు తియ్యొద్దని, చేశాక అడిగి తియ్యమని.